కాడి కింద రెండు చక్రాలు

వాన వెలిసిన పొద్దున, సీతారామపురం దాటి ఘటిక సిద్ధేశ్వరం వైపు పోతున్న జీపు ఒకటి ఎదురొచ్చిన ట్రాక్టరుకు దారి ఇవ్వబోయి ఎడమ వెనక చక్రాన్ని మార్జిన్ బురదలో దించిందనుకోండి. కుడి చక్రం తారు మీదే ఉంది. డ్రైవరు యాక్సిలరేటర్ తొక్కేకొద్దీ బురదలోది గిర్రున తిరిగి తోయడానికొచ్చినవాళ్ల పంచెల మీద చిమ్ముతుంది. తారు మీది చక్రానికి మాత్రం చలనం ఉండదు. "ఆ చక్రానికి పవర్ పోవట్లేదబ్బా" అంటారు ఎవరో. అది సగమే నిజం. రెండు చక్రాలకూ అందే బలం సమానమే. బురదలోది తిరగడానికి ఎంత తక్కువ బలం చాలుతుందో, తారు మీదిదానికీ అంతే దక్కుతోంది. ఆ కాస్తకు బండి కదలదు.

ఈ చిక్కు వేరే మేలు కోసం పుట్టింది. కల్లంలో బంతి తోలడం చూసినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. నడిమి గుంజ దగ్గరి ఎద్దు నిదానంగా అడుగులేస్తుంటే చివరిది ఇంచుమించు పరిగెత్తాలి. బండి మలుపు తిరిగినప్పుడూ అంతే. వెనక చక్రాల మధ్య 1.4 మీటర్ల ఎడం ఉందనుకుంటే, ఒక పూర్తి చుట్టులో బయటి చక్రం లోపలిదానికన్నా 8.8 మీటర్లు ఎక్కువ నడుస్తుంది. చుట్టు చిన్నదైనా పెద్దదైనా ఈ తేడా మారదు. రెంటినీ ఒకే ఇరుసుకు బిగిస్తే ఏదో ఒకటి రోడ్డు మీద ఈడ్చుకుపోవాల్సిందే. అందుకే 1827లో పెకర్ అనే ఫ్రెంచివాడు తన ఆవిరి బండికి డిఫరెన్షియల్ పెట్టాడు. అందులో, మన మెకానిక్కులు స్టార్ గేర్లని పిలిచే చిన్న పళ్లచక్రాలు క్రౌన్ చక్రం మధ్యలో కూర్చుని, ఎవరి వేగం వాళ్లకు వదిలేసి, బలాన్ని మాత్రం సమంగా పంచుతాయి.

నాకు ఇది కాడిమానులా కనిపిస్తుంది. నడుమ కట్టిన కాడికి రెండు కొసలా ఎద్దులు. ఒకటి లాగడం మానేస్తే కాడి అటు ఒరిగిపోతుంది, రెండోది ఎంత బలమైనదైనా బండి లాగలేదు. లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ అంటే ఆ కాడి మరీ ఒరిగిపోకుండా వేసిన బందం. కొత్తగా బలమేమీ తేదు, చక్రాలకున్న స్వేచ్ఛలో కొంత కోస్తుంది, అంతే. 1930ల్లో ఆటో యూనియన్ రేసు కార్ల చక్రాలు తారు మీదే జారి తిరుగుతుంటే, వాటిని రూపొందించిన పోర్షే అడిగిన మీదట జర్మనీలోని జెడ్‌ఎఫ్ కంపెనీ దీన్ని తయారుచేసింది. 1956లో అమెరికాలో ప్యాకార్డ్ దీన్ని మామూలు కొనుగోలుదార్ల కార్లకూ తెచ్చింది.

మన రోడ్ల మీద దీనికి దగ్గరి చుట్టం బొలెరో నియో ఎన్10 ఆప్షనల్ మోడల్లో ఉంది. వెనక చక్రాలతో నడిచే బండి అది. అందులోది నిజానికి మెకానికల్ లాకింగ్ డిఫరెన్షియల్. పగ్గం కాస్త బిగించి ఊరుకోదు, అవసరమైతే ఏకంగా ముడే వేస్తుంది. స్విచ్చూ లేదు, లివరూ లేదు. ఈ రకంలో రెండు చక్రాల మధ్య తేడా నిమిషానికి సుమారు 100 చుట్లు దాటితే లోపలి గుండ్లు విచ్చుకుని టక్కున లాకు పడుతుంది. వేగం గంటకు 30 కిలోమీటర్లు దాటితే అసలు పడదు.

కాబట్టి దీనితో కాపురం చేసేవాళ్లు ఒక పాత అలవాటు మానుకోవాలి. చక్రం జారగానే భయపడి కాలు తీసేస్తాం. తీస్తే ఆ తేడా రాదు, లాకు పడదు. స్టీరింగు తిన్నగా పెట్టి యాక్సిలరేటర్ నిలకడగా తొక్కాలి. టక్కుమన్న చప్పుడుకు ఏదో విరిగిందని గుండె జారుతుంది. ఏమీ విరగలేదు, బండి పనిలో పడిందంతే. మిగతా రోజుల్లో, ఆత్మకూరు దాకా ఎండిన తారు మీద, అది ఉన్న సంగతే తెలీదు. ఏడాదిలో పట్టుమని పది రోజులు పనికొస్తుందేమో. మనకు ఆ పది రోజులూ ఈశాన్య వానల్లోనే పడతాయి.

క్లచ్ పళ్లాల రకం లిమిటెడ్ స్లిప్ అయితే కాపురం మరో తీరు. అది ఎప్పుడూ ఎంతో కొంత పట్టే ఉంటుంది. అందులో మామూలు 90 ఆయిల్ పోస్తే ఇరుకు మలుపులో వెనకాల కరకరమని వణుకుతుంది. కంపెనీ పుస్తకంలో చెప్పిన నూనే పోయాలి. వెనక ఒకవైపు కొత్త టైరు, రెండోవైపు అరిగింది వేశామా, తిన్నని రోడ్డు మీద కూడా పళ్లాలు ఒరుసుకుంటూనే ఉంటాయి. కిలోమీటరుకు నాలుగు చుట్ల తేడా వచ్చినా నూరు కిలోమీటర్లకు నాలుగు వందల చుట్ల అరుగుదల. ఇంకో సంగతి, తడి రోడ్డు మలుపులో గట్టిగా తొక్కితే రెండు చక్రాలూ ఒకేసారి జారి బండి తోక పక్కకు పోతుంది. మామూలు డిఫరెన్షియల్లో లోపలి చక్రం ఒక్కటే జారి ఊరుకునేది.

ఈ మాటలు విని మన ట్రాక్టరు డ్రైవరు నవ్వుకుంటాడు. దమ్ములో చక్రం కూరుకుపోతే మడమతో డిఫరెన్షియల్ లాకు పెడల్ నొక్కడం, గెనెం దగ్గర మలుపుకు ముందే కాలు తీయడం అతనికి ఎప్పుడో అబ్బిన విద్య. లేదంటే తిరుగుతున్న చక్రం వైపు బ్రేకు ఒక్కటే తొక్కుతాడు. బురద చేయలేని పని, అంటే ఆ చక్రానికి ఎదురు నిలవడం, బ్రేకు చేస్తుంది. అప్పుడు రెండోవైపుకూ అంత బలం చేరుతుంది. మారుతి జిమ్నీలో కంప్యూటరు చేసేదీ ఇదే.

సెకండ్‌హ్యాండు బండి కొనేవాళ్లు రెండు వెనక చక్రాలూ పైకెత్తించి, గేరు న్యూట్రల్లో ఉంచి, ఒకదాన్ని చేత్తో ముందుకు తిప్పి చూస్తారు. మామూలు డిఫరెన్షియలైతే రెండోది వెనక్కి తిరుగుతుంది. పళ్లాల రకం బాగుంటే రెండూ ఒకేవైపు తిరుగుతాయి. లాకింగ్ రకం మాత్రం చేతి వేగానికి మామూలుదానిలాగే నటిస్తుంది. పంక్చర్ షాపు దగ్గర ప్రమాదమంతా ఈ నటనలోనే ఉంది. బేరింగు మోత వినడానికి ఒక చక్రమే జాకీ మీద ఎత్తి, ఇంజను స్టార్ట్ చేసి గేరు వేయడం చాలామందికి అలవాటు. లాకింగ్ రకం బండికి అలా చేస్తే, గాల్లో చక్రం జోరందుకోగానే లాకు పడి, నేల మీది చక్రం బండిని జాకీ మీంచి ముందుకు దూకిస్తుంది.