కింద దుకాణం, పైన ఇల్లు: వంద అంతస్తుల సంగతి

బెజవాడ వన్‌టౌన్‌లోనూ హైదరాబాద్ బేగంబజార్‌లోనూ పాత వీధుల్లో కింద కొట్టు, వెనక గోదాము, పైన కాపురం ఉంటాయి. షావుకారు మెట్లు దిగితే వ్యాపారం, ఎక్కితే భోజనం. ఈ ఏర్పాటును ఫలానావారు కనిపెట్టారని చెప్పలేం. రెండు వేల ఏళ్ల కిందటి రోమ్ నగరంలోనూ కింద అంగళ్లు, పైన అద్దె గదులతో బహుళ అంతస్తుల ఇళ్లుండేవి. కొత్తగా వచ్చిందల్లా వీటిని విడదీసిన చట్టం. 1916లో న్యూయార్క్ నగరం ఏ ప్రాంతంలో ఏం కట్టాలో గీతలు గీసి నిర్ణయించింది. 1926లో యూక్లిడ్ అనే చిన్న ఊరి కేసులో అమెరికా సుప్రీంకోర్టు ఇలాంటి విభజన చెల్లుతుందని తీర్పు చెప్పింది. విడి ఇళ్ల మధ్య లేచే అపార్ట్‌మెంటును ఆ తీర్పు పరాన్నజీవితో పోల్చింది కూడా. దాంతో ఆఫీసులు ఒక మూల, ఇళ్లు ఇంకో మూల చేరాయి. మధ్య దూరమంతా కార్లపాలైంది. చీకటి పడితే ఆఫీసుల పేట బోసిపోయేది.

అలా విడిపోయినవాటిని మళ్లీ ఒక్కచోటికి, అదీ నిలువునా, తెచ్చిన భవనాల్లో పేరెన్నికగన్నది షికాగోలోని జాన్ హాన్‌కాక్ సెంటర్. ఎత్తు 344 మీటర్లు, అంతస్తులు వంద. 1965లో పని మొదలైతే 1969కి రూపు దిద్దుకుంది. అదే ఊళ్లో మెరీనా సిటీ అంతకు కొన్నేళ్ల ముందే ఇళ్లనూ కార్లనూ వినోదాన్నీ ఒకే ఆవరణలో చేర్చింది. అయితే దుకాణాలు, కార్లు, ఆఫీసులు, కాపురాలు, టీవీ ప్రసార యంత్రాలు అన్నింటినీ ఒకే ఉక్కు గూటిలో ఒకదాని నెత్తిన ఒకటి పేర్చడం వేరే సంగతి. ఈ కథలో అసలు ఇంజినీరింగ్ ఎత్తులో కంటే ఆ పేర్పులోనే ఎక్కువగా ఉంది.

మొదట అనుకున్నది రెండు టవర్లు: ఒకటి ఆఫీసులకు, ఒకటి ఇళ్లకు. బిల్డరు జెర్రీ వోల్మన్. నమూనా బాధ్యత స్కిడ్మోర్ ఓవింగ్స్ అండ్ మెరిల్ సంస్థది. అందులో ఆర్కిటెక్ట్ బ్రూస్ గ్రాహమ్, స్ట్రక్చరల్ ఇంజినీర్ ఫజ్లుర్ రహ్మాన్ ఖాన్. రెండు టవర్లు కడితే స్థలమంతా వాటికే పోతుంది, ఒకదాని కిటికీల్లోంచి చూస్తే రెండోదాని గోడే కనిపిస్తుంది. రెండింటినీ ఒకదాని మీద ఒకటి నిలబెడితే చుట్టూ ఖాళీ మిగులుతుంది, మిషిగన్ సరస్సూ కనిపిస్తుంది. అక్కడి నుంచే తగువులు మొదలయ్యాయి.

మొదటి తగువు కొలతలది. ఆఫీసుకు విశాలమైన అంతస్తు కావాలి. పగలంతా దీపాలు వెలుగుతాయి కాబట్టి కిటికీకి దూరంగా బల్ల వేసినా పని నడుస్తుంది. ఇంటికి అలా కుదరదు. పడకగదికీ ముందుగదికీ కిటికీ ఉండాలి. లిఫ్టుల నుంచి కిటికీ దాకా దూరం మరీ ఎక్కువైతే ఫ్లాటు మధ్యభాగం చీకటి కొట్టవుతుంది. ఎత్తులోనూ తేడా ఉంది. ఏసీ గొట్టాలూ ఫాల్స్ సీలింగూ పట్టాలి కాబట్టి ఆఫీసు అంతస్తు ఎత్తుగా ఉంటుంది, ఇంటికి అంత అక్కర్లేదు. మరి ఒకే భవనంలో ఈ రెండు కొలతలూ ఎలా ఇమడాలి?

జవాబు భవనం ఆకారంలోనే ఉంది. నేల దగ్గర 265 అడుగుల పొడవు, 165 అడుగుల వెడల్పుతో మొదలై, పైకి పోయేకొద్దీ సన్నబడుతూ కొసన 160, 100 అడుగులకు తగ్గుతుంది. వెడల్పు కావలసిన దుకాణాలు, కార్లు, ఆఫీసులు కిందికి వచ్చాయి. వెలుతురు కావలసిన ఇళ్లు పైకి వెళ్లాయి. దూరం నుంచి చూసేవారికి ఆ వాలు గోడలు ఆర్కిటెక్టు విలాసంలా కనిపిస్తాయి కానీ, వాటి వెనక ఉన్నది పడకగదికీ ఆఫీసు హాలుకూ కుదిరిన ఒప్పందం. గాలి ఎక్కువగా కొట్టే పైభాగంలో గోడ వైశాల్యం తగ్గడం అదనపు లాభం.

గాలి రెండో తగువు. మామూలు ఇంటికి బరువే ప్రధాన శత్రువు. ఎత్తు పెరిగేకొద్దీ ఆ స్థానం గాలికి దక్కుతుంది. గాలి ఒకే బలంతో వీస్తుందనుకున్నా, ఎత్తు రెట్టింపయితే భవనాన్ని మొదలు దగ్గర వంచే ప్రయత్నం నాలుగు రెట్లవుతుంది. గట్టిదనం మార్చకపోతే కొస పక్కకు జరిగే దూరం పదహారు రెట్లవుతుంది. అందుకే పాత పద్ధతిలో పైకి పోయేకొద్దీ ప్రతి కొత్త అంతస్తుకూ కింద కుమ్మరించాల్సిన ఉక్కు విపరీతంగా పెరిగేది. ఎత్తుకు కట్టే ఈ సుంకాన్ని తగ్గించడమే ఖాన్ జీవితకాలపు పని.

ఆయన 1929లో ఢాకాలో పుట్టారు. అక్కడే ఇంజినీరింగ్ ముగించి 1952లో ఫుల్‌బ్రైట్ స్కాలర్‌షిప్ మీద ఇల్లినాయ్ విశ్వవిద్యాలయానికి వెళ్లి, మూడేళ్లలో రెండు మాస్టర్స్ డిగ్రీలూ డాక్టరేటూ పూర్తిచేశారు. ఆయన చేసిన కీలకమైన మార్పు చెప్పడానికి చిన్నది. అంతస్తంతా స్తంభాలు చెల్లాచెదురుగా నాటే బదులు గాలిని ఎదుర్కొనే బలాన్నంతా చుట్టుగోడలోకి తెచ్చి, భవనాన్ని ఒక గొట్టంగా నిలబెట్టారు. వెదురు లోపల డొల్ల. దానిలో ఉన్న పదార్థంతోనే డొల్ల లేని సన్నటి కర్ర చేస్తే అది వెదురు కంటే తేలిగ్గా వంగిపోతుంది. పదార్థం మధ్య నుంచి ఎంత దూరంగా ఉంటే వంపును అంత బాగా ఆపుతుంది. షికాగోలోనే 43 అంతస్తుల డెవిట్-చెస్ట్‌నట్ అపార్ట్‌మెంట్లను ఖాన్ ఈ సూత్రం మీదే కట్టారు.

వంద అంతస్తులకు ఆ గొట్టం సరిపోదు. స్తంభాలూ అడ్డదూలాలూ మాత్రమే ఉన్న గోడలో గాలి భారం మూలల్లోని స్తంభాల మీదే ఎక్కువగా పడుతుంది, మధ్యలోవి సగం పనే చేస్తాయి. ఐమూలగా దూలాలు వేస్తే అన్నీ కలిసి పనిచేస్తాయన్న ఆలోచన అప్పటికే ఉంది. మైరన్ గోల్డ్‌స్మిత్ 1953లోనే ఇల్లినాయ్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో తన సిద్ధాంతవ్యాసంలో దీన్ని చర్చించాడు. 1960లలో అదే సంస్థలో మికియో సాసాకి అనే విద్యార్థి గోల్డ్‌స్మిత్, ఖాన్ల పర్యవేక్షణలో అలాంటి టవరు ఒకదాన్ని కాగితం మీద లెక్కకట్టి చూపించాడు. హాన్‌కాక్ గోడల మీద కనిపించే భారీ ఎక్స్ గుర్తులు ఆ తరగతిగదుల నుంచి వచ్చినవే. ఒక్కో ఎక్స్ పద్దెనిమిది అంతస్తుల పొడవు. గాలిని నేలకు దించడమే కాదు, ఒక స్తంభం మీద బరువెక్కువైతే పక్కవాటికి పంచడం కూడా వాటి పనే. ఫలితం అంకెల్లో తెలుస్తుంది. 1931 నాటి ఎంపైర్ స్టేట్ భవనానికి ప్రతి చదరపు అడుగుకూ సుమారు 19 కిలోల ఉక్కు పట్టింది. దాదాపు అన్నే అంతస్తులున్న హాన్‌కాక్‌కు పట్టింది 13.5 కిలోలు.

ఎక్స్ కొమ్ములు కలిసే చోటు దగ్గరగా చూడదగ్గది. అక్కడ ఐమూల దూలాలు, నిలువు స్తంభం, అడ్డదూలం ఒకే బిందువు దగ్గర కలుస్తాయి. గాల్లో వేలాడుతూ, షికాగో చలిలో, అంత మందపు పలకలను వెల్డింగ్ చేస్తే ఉక్కు చల్లారేటప్పుడు లోపల బిగువు మిగిలిపోయి తర్వాతెప్పుడో పగులు పుట్టించగలదు. అందుకని ఆ కీళ్లను ఫ్యాక్టరీలోనే వెల్డింగ్ చేసి, కొలిమిలో మళ్లీ వేడిచేసి ఆ బిగువు వదిలించి తెచ్చారు. స్థలంలో మిగిలింది చాలావరకు బోల్టులు బిగించే పని.

లెక్కలకు లొంగని ప్రశ్న ఒకటి మిగిలింది. భవనం కూలదు, సరే. కానీ ఊగుతుంది. ఆఫీసులో ఉన్నవాడు సాయంత్రానికి దిగిపోతాడు. తొంభయ్యో అంతస్తులో పడుకున్నవాడు ఆ ఊపు మీదే నిద్రపోవాలి. మనిషికి ఎంత కదలిక తెలుస్తుంది? అప్పటికి పనికొచ్చే సమాచారం పెద్దగా లేదు. షికాగో సైన్స్ మ్యూజియంలో ఒక వాషింగ్ మెషీన్ కంపెనీ ప్రదర్శనలో మెల్లగా తిరిగే వేదిక ఒకటి ఉందని ఖాన్‌కు తెలిసింది. కొందరిని దానిమీద నిలబెట్టి, కూర్చోబెట్టి, పడుకోబెట్టి, కదలిక ఎప్పుడు పసిగడుతున్నారో చూశారు. వంద అంతస్తుల కాపురానికి కావలసిన ఒక కొలత అలా మ్యూజియం బొమ్మ మీద దొరికింది.

అసలు దెబ్బ నేల కింద తగిలింది. షికాగో నేల పైపొరల్లో మెత్తటి బంకమన్ను. గట్టి రాయి తగలాలంటే లోతుగా దిగాలి. ఉక్కు తొడుగు దింపి గొయ్యి తవ్వి, కాంక్రీటు పోస్తూ తొడుగును మెల్లగా పైకి లాగేస్తారు. భవనం ఇరవై అంతస్తుల దాకా లేచాక ఒక స్తంభం ఉండాల్సినదాని కంటే ఎక్కువగా దిగినట్టు బయటపడింది. పరీక్షిస్తే, తొడుగు లాగేటప్పుడు కాంక్రీటు కూడా దానితో లేచి, ఆ సందులోకి మట్టి చొరబడిందని తేలింది. నెలల తరబడి పని ఆగింది, వడ్డీలు మాత్రం ఆగలేదు. వోల్మన్ దివాలా తీశాడు. అప్పిచ్చిన జాన్ హాన్‌కాక్ బీమా సంస్థ భవనాన్ని తన చేతిలోకి తీసుకుని పూర్తిచేసింది.

పూర్తయిన యంత్రం ఎలా పనిచేస్తుందో కింది నుంచి పైకి చూద్దాం. మొదట దుకాణాలు. 6 నుంచి 12వ అంతస్తు దాకా కార్లు, అవి ఎక్కడానికి బయట చుట్లు తిరిగిన ర్యాంపు. ఆపైన ఆఫీసులు. వాటికీ ఇళ్లకూ మధ్య యంత్రాల అంతస్తులు. 44లో స్కై లాబీ. అక్కడి నుంచి 92 దాకా సుమారు ఏడు వందల ఫ్లాట్లు. 94లో సందర్శకుల గ్యాలరీ, 95, 96ల్లో చాలాకాలం రెస్టారెంటు నడిచింది, ఆపైన ప్రసార పరికరాలు, నెత్తిన యాంటెనాలు.

ఇందులో కీలకం 44వ అంతస్తు. ప్రతి ఫ్లాటుకూ నేల నుంచి నేరుగా లిఫ్టు వేస్తే లిఫ్టు గోతులే కింది అంతస్తులను మింగేస్తాయి. అందుకని ఇంటివాళ్లు ఎక్స్‌ప్రెస్ లిఫ్టులో ఆగకుండా 44కు వెళ్లి, అక్కడ మారి, లోకల్ లిఫ్టులో తమ అంతస్తుకు చేరతారు. రైలు మారినట్టు ఇలా లిఫ్టు మారడం చికాకే కదా. ఆ చికాకును ఉపయోగంగా మార్చడానికి అక్కడే కిరాణా దుకాణం, ఈతకొలను, లైబ్రరీ పెట్టారు. పాలప్యాకెట్టు కోసం నలభై అంతస్తులు దిగక్కర్లేదు. ఇళ్లు మబ్బుల్లో మునిగిన రోజుల్లో, కింద వాన పడుతోందా లేదా అని ద్వారపాలకుడికి ఫోన్ చేసి గొడుగు సంగతి తేల్చుకుంటారని అక్కడివాళ్లు చెప్పుకుంటారు.

కంటికి కనబడని పని యంత్రాల అంతస్తులది. నీటి మట్టం పది మీటర్లు పెరిగితే పీడనం ఒక అట్మాస్ఫియర్ పెరుగుతుంది. 344 మీటర్ల పొడవున ఒకే గొట్టం వేస్తే అడుగున 34 అట్మాస్ఫియర్లకు ఏ కుళాయీ నిలవదు. అందుకే ఇలాంటి భవనాల్లో నీటిని విడతలుగా ఎత్తి, ఏ భాగానికి ఆ భాగంగా పంచుతారు. చలికాలంలో గాలిదీ ఇలాంటి పేచీయే. లోపలి వెచ్చటి గాలి లిఫ్టు గోతుల వెంట పైకి తన్నుకుపోతుంది, బయటి చలిగాలి కింద తలుపుల్లోంచి లోపలికి దూరుతుంది. అడ్డుకట్ట లేకపోతే యాభయ్యో అంతస్తులో వేసిన తిరగమోత ఘాటు ఎనభయ్యో అంతస్తులో తుమ్ము తెప్పిస్తుంది. తిరిగే తలుపులు, మధ్యలో మారే లిఫ్టులు ఆ గాలి పరుగును ముక్కలు చేస్తాయి.

ప్రతి సౌకర్యానికీ ఒక ధర ఉంటుంది. 2018 నవంబర్ 16 అర్ధరాత్రి దాటాక 95వ అంతస్తు నుంచి ఆరుగురితో దిగుతున్న ఎక్స్‌ప్రెస్ లిఫ్టు తాళ్లలో ఒకటి తెగింది. భయంకరమైన చప్పుళ్లతో దిగి 11వ అంతస్తు దగ్గర ఆగింది. మధ్యలో ఆగని లిఫ్టు కాబట్టి ఆ గొయ్యికి అక్కడ తలుపే లేదు. అగ్నిమాపక సిబ్బంది కార్ల అంతస్తులోంచి గోడ పగలగొట్టి, దాదాపు మూడు గంటల తర్వాత వాళ్లను క్షేమంగా బయటికి తీశారు. వేగం కోసం తలుపులు తీసేసిన నిర్ణయం ఆ రాత్రి గోడగా ఎదురైంది.

యాభై ఏళ్లలో ఆ చిరునామాలో చాలా మారాయి. బీమా సంస్థ కోరికపై 2018లో హాన్‌కాక్ పేరు తీసేసి, వీధి నంబరుతోనే 875 నార్త్ మిషిగన్ అవెన్యూ అంటున్నారు. 2023లో ఆ పేరుపొందిన రెస్టారెంటు మూతపడింది. అయినా భవనం పాడుబడలేదు. ఒకే రకం వాడకం మీద ఆధారపడిన టవరుకు ఆ వ్యాపారం చితికితే దిక్కుండదు. ఇక్కడ ఒక భాగం ఖాళీ అయినా మిగతావి నడుస్తూనే ఉంటాయి. 2010లో తెరిచిన 828 మీటర్ల బుర్జ్ ఖలీఫాదీ ఇదే వంశం. అదీ అదే సంస్థ నమూనా. అక్కడా స్కై లాబీలున్నాయి, హోటలూ ఇళ్లూ ఆఫీసులూ ఉన్నాయి. కాకపోతే ఆఫీసులు ఇళ్లకు పైన చేరాయి. ఆ ఎత్తున అంతస్తులు ఇరుకు కాబట్టి చిన్న ఆఫీసులకే సరిపోతాయి. అంటే ఫలానాది కిందే ఉండాలన్న నియమం లేదు. ఎవరికి ఎంత వెడల్పు, ఎంత వెలుతురు కావాలో తేల్చుకోవడమే నియమం.

ఇప్పుడు హైదరాబాద్‌లో కోకాపేట, నార్సింగి వైపు యాభై అంతస్తులు దాటిన టవర్లు లేస్తున్నాయి. కొనేవాళ్లకు పాలరాయి, క్లబ్‌హౌస్, కొలను బొమ్మలు చూపిస్తారు. అడగాల్సినవి వేరే ఉన్నాయి. పొద్దున తొమ్మిదింటికి నా అంతస్తులో లిఫ్టు కోసం ఎంతసేపు నిలబడాలి? గాలి సొరంగంలో నమూనాను పరీక్షించారా, పై అంతస్తులో ఊపు ఎంత? నీళ్లు ఎన్ని విడతల్లో ఎక్కుతాయి, కరెంటు పోతే ఎలా? లిఫ్టు రెండు అంతస్తుల మధ్య ఆగితే బయటికి దారేది? హాన్‌కాక్‌లో నీటిబొట్టు నుంచి లిఫ్టు తాడు దాకా ఈ ప్రశ్నలే గోడల వాలునూ, ఎక్స్‌నూ, 44వ అంతస్తునూ నిర్ణయించాయి. వీటికి తడుముకోకుండా జవాబు చెప్పగలిగిన బిల్డరు దగ్గరే అడ్వాన్సు ఇవ్వడం మంచిది.