ఇద్దరు కథానాయికలు... ఒకటే కుర్చీ!

1987 డిసెంబరు 24. తెల్లవారేసరికి మద్రాసు నగరమంతా గొల్లుమంది. ఎం.జి.ఆర్. ఇక లేరు!

రాజాజీ హాలులో ఆయన పార్థివదేహాన్ని ఉంచారు. జనం వస్తున్నారు, ఏడుస్తున్నారు, వెళ్తున్నారు. కానీ ఆయన తల దగ్గర నిలబడ్డ ఒక స్త్రీ మాత్రం అక్కణ్ణుంచి కదల్లేదు. మొదటిరోజు 13 గంటలు, మర్నాడు 8 గంటలు అలాగే నిలబడ్డారని అప్పటి పత్రికలు లెక్కకట్టి మరీ రాశాయి. తీరా ఊరేగింపు బయలుదేరేవేళ ఆమె ఫిరంగి బండి ఎక్కబోతే కిందికి తోసేశారు!

ఆమె జయలలిత అని పాఠకులకు వేరే చెప్పాలా?

"ఆ, ఏముంది... సినిమా తార కాబట్టి ముఖ్యమంత్రి అయింది" అని మనలో చాలామంది తేలిగ్గా అనేస్తుంటారు. నిజంగా అంతేనా? వెండితెర వెలుగే కుర్చీని తెచ్చిపెట్టేదయితే, ఆ కుర్చీ మరొకరికి శాశ్వతంగా దక్కి ఉండాల్సింది. ఎందుకంటే ఆ రెండో ఆవిడా కథానాయికే!

24 రోజుల ముఖ్యమంత్రి

ఆవిడ పేరు వి.ఎన్. జానకి. 'మోహిని' (1948), 'మరుదనాట్టు ఇళవరసి' (1950) చిత్రాల్లో ఎం.జి.ఆర్. సరసన నటించారు. తర్వాత ఆయన ఇల్లాలయ్యారు. భర్త పోయిన రెండు వారాలకు, 1988 జనవరి 7న తమిళనాడు ముఖ్యమంత్రిగా ప్రమాణం చేశారు. మన దేశంలో ఒక సినీనటి ముఖ్యమంత్రి కావడం అదే మొదలు.

పేరుంది, జనంలో జాలి ఉంది, పార్టీ ఎమ్మెల్యేల్లో ఎక్కువమంది ఆమెవైపే ఉన్నారు. అయినా ఏం లాభం? జనవరి 28న బలపరీక్షనాడు శాసనసభలో కొట్లాట జరిగింది. పోలీసులు సభలోపలికే వచ్చారు. 30న కేంద్రం ఆ ప్రభుత్వాన్ని రద్దు చేసింది. మొత్తం 24 రోజులు! మరుసటి ఏడు ఎన్నికల్లో ఆండిపట్టిలో ఓడిపోయాక జానకి రాజకీయాలకు దణ్ణం పెట్టి తప్పుకున్నారు.

మరి తోసేస్తే కిందపడ్డ మనిషి ఎలా నిలబడింది?

చదువుకోవాలనుకున్న పిల్ల

జయలలిత 1948 ఫిబ్రవరి 24న మైసూరు రాష్ట్రంలోని మేల్కోటలో పుట్టింది. ఊహ తెలియకముందే తండ్రి పోయాడు. తల్లి సంధ్య సినిమాల్లో వేషాలు వేసి ఇల్లు నడిపింది. మద్రాసు చర్చ్ పార్క్ కాన్వెంటులో అమ్మాయి క్లాసులో ముందుండేది. పైచదువులు చదవాలని ఆశ. కానీ ఇంటి పరిస్థితి మేకప్ వేయించింది.

1965లో శ్రీధర్ 'వెన్నిర ఆడై'తో తమిళతెరకు కథానాయికగా వచ్చారు. అదే ఏడు 'ఆయిరత్తిల్ ఒరువన్'లో ఎం.జి.ఆర్. పక్కన నటించారు. అలా ఆ జంటవి 28 చిత్రాలయ్యాయి. మనకూ ఆమె పరాయి కాదు. అక్కినేనితో 'మనుషులు మమతలు', ఎన్.టి.ఆర్.తో 'గోపాలుడు భూపాలుడు', 'కథానాయకుడు' చూసినవాళ్ళు ఇప్పటికీ ఆ పేరు తల్చుకుంటారు.

1982లో అన్నా డి.ఎం.కె.లో చేరారు. మరుసటి ఏడాదికే ప్రచార కార్యదర్శి! 1984లో రాజ్యసభ! సీనియర్లకు అది కంటగింపయింది. అయితే ఆ ఏడు చివర ఎన్నికలొచ్చేసరికి ఎం.జి.ఆర్. అమెరికా ఆస్పత్రిలో మంచంమీద ఉన్నారు. అప్పుడు ఊరూరా తిరిగి ఓట్లడిగినవాళ్ళలో ఆమె ముందున్నారు. జానకికి లేనిది, ఆమెకు ఉన్నది ఇదే. సినిమా చూసిన జనం ముందు మైకు పట్టుకుని ఏళ్ళతరబడి నిలబడ్డ అలవాటు!

ఆ శపథం

1989 జనవరి ఎన్నికల్లో పార్టీ రెండు ముక్కలైంది. రెండాకుల గుర్తు కూడా దక్కలేదు. జయలలిత వర్గం కోడిపుంజు గుర్తుమీద 27 సీట్లు గెలిచింది. ఆమె ప్రతిపక్ష నాయకురాలయ్యారు. తమిళనాట ఒక స్త్రీకి ఆ పదవి అదే తొలిసారి. తర్వాత రెండు వర్గాలూ ఒకటయ్యాయి.

మార్చి 25న సభలో బడ్జెట్. ముఖ్యమంత్రి కరుణానిధి. మాటామాటా పెరిగి గందరగోళమైంది. జుట్టు రేగి, చీర చెదిరి జయలలిత బయటికొచ్చారు. తన చీర లాగి అవమానించారని ఆమె అన్నారు. అలా జరగనే లేదని డి.ఎం.కె. అంది. ఆ వాదన ఇంకా తెగలేదు. ముఖ్యమంత్రిగా తప్ప మళ్ళీ ఈ సభలో అడుగుపెట్టనని ఆమె శపథం చేశారు.

రెండేళ్ళు తిరిగాయి. 1991 మేలో రాజీవ్ గాంధీ హత్య దేశాన్ని కుదిపేసింది. ఆ సానుభూతి గాలిలో అన్నా డి.ఎం.కె., కాంగ్రెసు కూటమి 234లో 225 సీట్లు గెలిచింది. జూన్ 24న జయలలిత ముఖ్యమంత్రి. వయసు 43!

ఒక్క రూపాయి జీతం

ఆడపిల్ల భారమనుకుని పురిట్లోనే చంపేసే ఘోరం ఆపాలని 1992లో సేలంలో ఊయల పథకం పెట్టారు. వద్దనుకున్న పసికందును ఊయలలో వదిలితే సర్కారే పెంచుతుంది. మహిళా పోలీసు స్టేషన్లూ ఆ ఏడే తెరిచారు. చాలా ఏళ్ళ తర్వాత, 2013లో, రూపాయికి ఇడ్లీ పెట్టే అమ్మ క్యాంటీన్లు వచ్చాయి.

నాణేనికి రెండో వైపు? అదీ చెప్పుకోవాలి. తొలి పదవీకాలంలో నెలకు ఒక్క రూపాయే జీతం తీసుకున్నారు. ఆ అయిదేళ్ళలోనే ఆదాయానికి మించి 66 కోట్ల పైచిలుకు కూడబెట్టారని కేసు! 1995లో దత్తపుత్రుడి పెళ్ళి వైభవం చూసి జనం ముక్కున వేలేసుకున్నారు. 1996లో బర్గూరులో ఆమే ఓడిపోయారు. పార్టీకి నాలుగే సీట్లు. డిసెంబరులో అరెస్టై 28 రోజులు జైల్లో ఉన్నారు.

ఇంకొకరైతే అక్కడితో సరి. ఆమె 2001లో మళ్ళీ వచ్చారు, సుప్రీంకోర్టు ఆ నియామకం చెల్లదంటే దిగారు, 2002లో మళ్ళీ ఎక్కారు. 2014లో శిక్షపడి పదవి పోయింది. హైకోర్టు నిర్దోషి అన్నాక 2015లో తిరిగొచ్చారు. 2016లో గెలిచి ఆరోసారి ప్రమాణం చేశారు. ఆ డిసెంబరు 5నే కన్నుమూశారు. రెండు నెలలకు సుప్రీంకోర్టు ఆ శిక్ష సరైనదేనంది. మరణించినందువల్ల ఆమెపై కేసు మాత్రం ముగిసిపోయింది.

ఓటువేసే కుర్రకారు రెండూ గుర్తుంచుకోవాలి. సినిమా జనాన్ని పోగుచేసి ఇస్తుంది. వాళ్ళని నిలుపుకోవడం సొంత కష్టం. నిలుపుకున్నాక చేసిన పనులకు లెక్క చెప్పడం తప్పదు.

డిసెంబరు 6న ఆమె పార్థివదేహాన్ని అదే రాజాజీ హాలులో ఉంచారు. సాయంత్రం ఊరేగింపుగా మెరీనాకు తీసుకెళ్ళి, ఎం.జి.ఆర్. సమాధి పక్కనే ఖననం చేశారు. 29 ఏళ్ళ కిందట ఎక్కనివ్వకుండా తోసేసిన అలాంటి ఫిరంగి బండి మీదనే... ఈసారి ఆమెను మోసుకెళ్ళారు.