మనిషికి 500 ఎకరాలున్నా ఊరు ఎందుకు ఖాళీ అవుతోంది? – అమెరికాలోని సిమరాన్ కౌంటీ కథ

ఈసారి వీడియో మన ఊళ్లది కాదు. డల్లాస్‌లో ఉండే మా బావ రెండు రోజులు సెలవు దొరికితే కారేసుకుని అమరిల్లో మీదుగా ఓక్లహోమా రాష్ట్రం చివరకు వెళ్లొచ్చాడు. దారిపొడవునా తీసిన వీడియోలు నాకు పంపి, "బామ్మర్దీ, మన కళ్యాణదుర్గం దారిలాగే ఉంది, కొండలు తక్కువ అంతే" అన్నాడు. వీడియో చూడండి. చూశాక ఇది చదివితే ఆ నేల కథ ఇంకా బాగా అర్థమవుతుంది.

ఎక్కడుంది ఈ కౌంటీ?

ఓక్లహోమా మ్యాప్ చూస్తే పిడి ఉన్న పెనంలా ఉంటుంది. ఆ పిడి కొసన ఉన్నదే సిమరాన్ కౌంటీ. మనకు జిల్లా ఎలాగో వాళ్లకు కౌంటీ అలాగ. ఉత్తరాన కొలరాడో, కాన్సాస్, పడమట న్యూ మెక్సికో, దక్షిణాన టెక్సాస్. సొంత రాష్ట్రం కాకుండా నాలుగు రాష్ట్రాలతో సరిహద్దు ఉన్న కౌంటీ అమెరికా మొత్తంలో ఇదొక్కటే.

ఈ పిడికి పుట్టుకే విచిత్రం. 1850లో టెక్సాస్ ఈ భూమిని వదులుకుంది. కాన్సాస్ సరిహద్దు దీనికి పైనే ఆగిపోయింది. దాంతో 40 ఏళ్లు ఇది ఏ రాష్ట్రానికీ, ఏ టెరిటరీకీ చెందలేదు. జనం దీన్ని 'ఎవరిదీ కాని నేల' అనేవాళ్లు. 1890లో ఓక్లహోమా టెరిటరీలో కలిపారు, 1907లో రాష్ట్రం ఏర్పడినప్పుడు కౌంటీ అయింది.

విస్తీర్ణం 1,841 చదరపు మైళ్లు. మన లెక్కలో దాదాపు 11.78 లక్షల ఎకరాలు. పడమటి మూలన బ్లాక్ మెసా అనే బల్లపరుపు కొండ ఉంది. ఎత్తు 4,973 అడుగులు, రాష్ట్రంలో అదే ఎత్తైన చోటు. మిగతాదంతా చదును, గాలికి అడ్డమంటూ ఏమీ లేదు. సగటు వాన ఏడాదికి 430 మిల్లీమీటర్ల దగ్గర. మా అనంతపురానికి 550 దాకా పడుతుంది. అంటే మనకన్నా కరువు నేల అన్నమాట.

జనాభా లెక్క ఒకసారి చూడండి

1930లో 5,408 మంది.
1940లో 3,654.
1950లో 4,589.
2000లో 3,148.
2020లో 2,296.

11.78 లక్షల ఎకరాల్లో 2,296 మంది. తలకు 500 ఎకరాల పైమాటే! కౌంటీ కేంద్రం బోయిజ్ సిటీ. పేరులో సిటీ ఉంది గానీ 2020లో జనం 1,166. మన దగ్గర ఓ మోస్తరు పంచాయతీలో ఇంతకన్నా ఎక్కువ మంది ఉంటారు.

ఆ ఊరు పుట్టిందే మోసంతో. 1908లో కొందరు వ్యాపారులు చెట్లు, చక్కటి రోడ్లు, పొంగే బావులు ఉన్నాయని కరపత్రాలేసి ప్లాట్లు అమ్మారు. కొన్నవాళ్లు వచ్చి చూస్తే ఉత్త గడ్డి మైదానం. అమ్మినవాళ్లకు కోర్టులో శిక్ష పడింది.

1930 తర్వాత ఏం జరిగింది?

ఆ మైదానంలో వేల ఏళ్లుగా బఫెలో గ్రాస్, బ్లూ గ్రామా అనే పొట్టి గడ్డి ఉండేది. పైకి పొట్టిగా ఉన్నా వేర్లు లోతుకు దిగి మట్టిని పట్టుకునేవి. అడవిదున్నలు మేసి పోయేవి, గడ్డి మళ్లీ వచ్చేది. వాన తక్కువైనా నేల ఎప్పుడూ కప్పుకునే ఉండేది.

మొదటి ప్రపంచ యుద్ధంలో గోధుమ ధర ఎగిసింది. ట్రాక్టర్లు వచ్చాయి. వాటి వెనక వన్‌-వే డిస్క్ నాగలి వచ్చింది. చాలా వేగంగా దున్నుతుంది, కానీ మట్టిని పిండి చేస్తుంది. తర్వాత ధర పడిపోయింది. ధర పడితే రైతు ఏం చేస్తాడు? అప్పు తీరాలి కాబట్టి ఇంకో పది ఎకరాలు ఎక్కువ దున్నుతాడు. వాళ్లూ అదే చేశారు. 1930ల మొదట్లో వాన ఆగిపోయింది. పంట లేదు, గడ్డి లేదు, పిండిలాంటి మట్టి మిగిలింది. గాలి మాత్రం ఎప్పటిలాగే వీచింది.

1935 ఏప్రిల్ 14, ఆదివారం. నల్లటి దుమ్ము గోడ వచ్చి మధ్యాహ్నాన్నే చీకటి చేసింది. దాన్ని 'బ్లాక్ సండే' అంటారు. ఆ రోజు బోయిజ్ సిటీ దగ్గరే దుమ్ములో చిక్కుకున్న ఒక విలేకరి మరుసటి రోజు రాసిన వార్తతోనే 'డస్ట్ బౌల్' అన్న పేరు జనంలోకి వెళ్లింది. కిటికీలకు తడి దుప్పట్లు కట్టినా దుమ్ము ఆగేది కాదు. ఊపిరితిత్తుల్లో మట్టి చేరి పిల్లలు, ముసలివాళ్లు చనిపోయారు. వీడియోలో మీరు చూసే నలుపు-తెలుపు ఫోటో, దుమ్ములో ఇద్దరు కొడుకులతో ఒక రైతు కొట్టం వైపు నడిచేది, 1936లో ఆర్థర్ రోత్‌స్టీన్ ఈ కౌంటీలోనే తీశాడు.

పదేళ్లలో 1,754 మంది తగ్గిపోయారు. అంటే ముగ్గురిలో ఒకరు దాదాపు. అయినా ఎక్కువ మంది అక్కడే ఉన్నారు, అది మర్చిపోకూడదు.

తర్వాత చేసిన మరమ్మతు

1935 ఏప్రిల్ చివర్లోనే నేల సంరక్షణ చట్టం వచ్చింది. దాని వెనక ఉన్న శాస్త్రవేత్త హ్యూ బెన్నెట్. వాలుకు అడ్డంగా దున్నడం, పట్టీలు పట్టీలుగా పంటలు, గాలికి అడ్డంగా పెద్ద బోదెలు తోలడం రైతులకు నేర్పారు. మైదానాల పొడవునా 20 కోట్లకు పైగా చెట్లు నాటారు. బాగా దెబ్బతిన్న భూముల్ని ప్రభుత్వమే కొని మళ్లీ గడ్డి పెంచింది. ఈ కౌంటీలో కొంత భాగం ఇవాళ రీటా బ్లాంకా జాతీయ గడ్డిభూమి. మా బావ కారు ఆపి గడ్డిలో నడిచింది అక్కడే.

వానలు వచ్చాయి, 1950కి జనం పెరిగారు. మరి 1950 నుంచి 2020 దాకా సగానికి ఎందుకు పడిపోయారు? ఈసారి దుమ్ము ఒక్కటే కారణం కాదు. యంత్రాలు పెద్దవయ్యాయి, పొలాలు పెద్దవయ్యాయి, మనుషుల అవసరం తగ్గింది. నేల కింద ఒగలాలా అనే పెద్ద నీటి పొర ఉంది. బోర్లు వేసి గుండ్రంగా తిరిగే స్ప్రింక్లర్లతో మొక్కజొన్న, గోధుమ, జొన్న పండిస్తున్నారు. తోడినంత వేగంగా ఆ నీరు తిరిగి చేరదు. బోరు ఎండటమంటే ఏంటో మనకెవరూ చెప్పక్కర్లేదు.

ఇప్పుడు నా సంగతి

ఈ కథ ఇంత వివరంగా ఎందుకు చెప్పానంటే, నా దగ్గర ఒక రోటవేటర్ ఉంది. మూడేళ్ల కింద అప్పు చేసి కొన్నా. బాడుగకు తిప్పుతా. ఇంకా 5 కిస్తీలు కట్టాలి. ఒకపక్క నా చేన్లో నేలను కప్పి ఉంచండి, నవధాన్యాలు చల్లండి అని వీడియోలు పెడతా. ఇంకోపక్క మార్చి, ఏప్రిల్‌లో పక్క ఊళ్ల ఎర్రనేలల్ని పొడి దుక్కిలో పిండి చేసి, డబ్బులు తీసుకుని ఇంటికొస్తా. బొమ్మనహాళ్, కణేకల్ వైపు హగరి ఒడ్డున ఇసుక మేటలు చూసిన వాణ్ణి, నాకు తెలియక కాదు.

బావ పంపిన వీడియో మా నాయనకు చూపించా. శుభ్రంగా దున్నిన చేను అంటే ఆయనకు పరువు. నా చేన్లో ఉలవ, అలసంద మొడాలు చూసి "ఇది చేనా, బీడా?" అనే మనిషి. ఆ ఫోటో చాలాసేపు చూసి, "వాళ్లు కూడా శుభ్రంగానే దున్నినట్టున్నారు రా" అన్నాడు. ఇంకేం అనలేదు.

ఈ వేసవిలో పొడి దుక్కికి వచ్చిన మూడు బేరాలు వద్దన్నా. ఒకాయన కోపంగా వేరే ట్రాక్టర్ పిలుచుకున్నాడు. అంటే ఆ నేల ఎలాగూ పిండి అయింది, నాకు బాడుగ పోయింది. కిస్తీ మాత్రం ఆగదు. కాబట్టి నేనేదో గొప్ప పని చేశానని చెప్పట్లేదు. వాన పడి పదునున్నప్పుడు, పచ్చిరొట్ట నేలలో కలపడానికి మాత్రమే రోటవేటర్ తిప్పాలని ప్రస్తుతానికి అనుకున్నా. బదులుగా విత్తనాలు వేసే గొర్రు బాడుగకు పెడితే కిస్తీ వెళ్తుందా అని లెక్కలేస్తున్నా.

మీలో ఎవరైనా ఇలా మార్చుకున్నవాళ్లుంటే వీడియో కింద రాయండి, ఎకరాకు ఎంత తీసుకుంటున్నారో కూడా చెప్పండి. వచ్చే వారం నా చేన్లోనే, తొలకరికి ముందు చల్లిన నవధాన్యాలు ఏ మేరకు మొలిచాయో ఉన్నది ఉన్నట్టు చూపిస్తా.