గ్రామదేవతలు – పరమత సహనము

జగిత్యాల జిల్లాలోని పెగడపల్లి మొదలుకొని ఇటు కోరుట్ల, అటు సిరిసిల్ల వరకు ఏ పల్లెకు పోయినను, ఊరి పొలిమేరలో వేపచెట్టు నీడను ఒక చిన్న గుడి కనబడుట సాధారణము. తల వంచనిదే లోనికి చూడరాని గుడి అది. లోపల శిల్పశాస్త్రము ననుసరించి మలచిన విగ్రహముండదు. పసుపు పూసి కుంకుమబొట్లు పెట్టిన రాయి ఉండును. ఆమె పోచమ్మ. ఊరి నడుమ నేలలో పాతిన మరియొక రాయి ఉండును. అది బొడ్రాయి, ఊరికి నాభి వంటిది. చెరువుకట్టపై మైసమ్మ, ఒక ప్రక్క ఎల్లమ్మ, ఇంకొక వీధిలో పీర్ల కొట్టము. ఊరు వీరందరిది, వీరందరును ఊరివారే.

బోనమెత్తి ఆ రాతికి మ్రొక్కు తల్లిని, “అమ్మా, నీ మతమేమి?” అని అడిగినచో ఆమె ఒక క్షణము తడబడును. పత్రములో వ్రాయుటకు ఆమెకొక మతము పేరు తెలియును. కాని పోచమ్మకు మ్రొక్కుటకు ప్రత్యేకముగా ఒక పేరు కలదని ఆమె ఎన్నడును అనుకొనలేదు. పేరు పెట్టినవారు వేరొకరు. పాశ్చాత్య దేశములలో ఇట్టి ఆరాధనకు పెట్టిన పేరు “పేగనిజము”. ఆ పేరు వెంట ఎన్నో అపోహలు కూడ ఓడ దిగి మన దేశమునకు వచ్చినవి.

పేగను అను మాట లాటిను భాషలోని “పాగానుస్” నుండి పుట్టినది. “పాగుస్” అనగా పల్లెపట్టు. పాగానుస్ అనగా పల్లెటూరివాడు. సైనికుడు కాని సామాన్యుడను అర్థము కూడ ఆ మాటకు ఉండెను. క్రీస్తుశకము నాలుగవ శతాబ్దిలో రోము సామ్రాజ్యపు పట్టణములు క్రైస్తవము నవలంబించుచుండగా, పాత దేవతలను విడువనివారిని క్రైస్తవులు ఈ పేరుతో పిలిచిరి. అందుచేత ఇది ఒక మతము తనకు తాను పెట్టుకొన్న పేరు కాదు. గ్రీకు దేశపు జ్యూసును, రోము నగరపు జూపిటరును, ఉత్తర దేశముల థోరును కొలిచినవారు తామందరు ఒకే మతస్థులమని ఏనాడును తలపలేదు. అందరిని ఒకే గంపలో వేసినది బయటివాని చూపు. మనవారు పరదేశీయులను మ్లేచ్ఛులనిరి. అరబ్బీ భాషలో విశ్వాసము లేనివానిని కాఫిర్ అనిరి. ప్రతి జాతియు తనకు అర్థము కాని పొరుగువానికి ఒక మాటను సిద్ధము చేసి ఉంచుకొన్నది.

మొదటి అపోహ ఏమనగా, పేగను ఆరాధనయనగా పిశాచపూజ అనుట. ఈ భావముతోనే చాలమంది పాశ్చాత్యులు మన గ్రామదేవతలను చూచిరి. 1706లో తరంగంబాడి రేవున దిగిన జర్మను మతబోధకుడు జీగెన్‌బాల్గు తమిళము నేర్చి, అక్కడి ప్రజలనడిగి తెలిసికొని, దక్షిణదేశపు దేవతల వంశావళిని 1713లో ఒక గ్రంథముగా వ్రాసి స్వదేశమునకు పంపెను. హాలే నగరములోని పెద్దలకు అది రుచింపలేదు. అన్యమతమును నిర్మూలించుటకు పంపినవాడు దానిని వర్ణించుచు కూర్చుండుట వారికి వింతగా తోచెను. ఆ గ్రంథము నూట ఏబది ఏండ్లకు పైగా అచ్చునకు నోచుకొనక, 1867లో మద్రాసున వెలువడినది. ఎదుటివాని మతమును గురించి తెలిసికొనుటయే ఒక తప్పుగా తోచిన కాలమది.

1916లో మద్రాసు బిషప్పు హెన్రీ వైట్‌హెడ్ దక్షిణదేశపు గ్రామదేవతలపై ఒక గ్రంథమును ప్రకటించెను. తెలుగు పల్లెల జాతరలు, బలులు, పూజారుల వృత్తాంతములు అందు ఎంతో శ్రద్ధతో చేర్పబడినవి. నేటికిని పరిశోధకులు దానిని చదువుచునే ఉన్నారు. కాని ఆయన ఆ ఆరాధనను తక్కువ మెట్టునకు చెందిన మతముగానే ఎంచెను. కన్ను చక్కగా చూచినది; తీర్పు మాత్రము ముందే సిద్ధమై ఉండెను.

పోచమ్మ విషయమునే తీసికొందము. మశూచికమును “అమ్మవారు పోసినది” అని మన పెద్దలు చెప్పెడివారు. దీనిని విన్న విదేశీయులు, రోగమును పంపు దయ్యమునకు భయపడి జనులు మ్రొక్కుచున్నారని వ్రాసిరి. అందు కొంత నిజము లేకపోలేదు, భయముండెను. కాని భయమొక్కటియే ఉండలేదు. రోగి ఉన్న ఇంటికి వేపమండలు కట్టి, అన్యులను లోనికి రానీయక, చల్లని ఆహారమిచ్చి, రోగిని అమ్మవారు పూనిన మనిషిగా చూచి గౌరవముతో సేవించుట ఆ నమ్మకములో భాగము. రోగిని అసహ్యించుకొని వీధిలో పడవేయుటకు ఆ నమ్మకము ఒప్పుకొనలేదు. టీకా వలన మశూచికము నశించినది. 1980లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దాని నిర్మూలనమును ప్రకటించెను. రోగము పోయినది గాని పోచమ్మ పోలేదు. భయమే ఆ ఆరాధనకు మూలమైనచో, భయము తీరిన పిమ్మట గుడి పాడుపడవలసినది. నేటికిని క్రొత్త కుండలో అన్నము వండి, వేపమండలు చుట్టి, పైన దీపము పెట్టి తల్లులు బోనమెత్తుచున్నారు. అది బిడ్డలు చల్లగా ఉండవలెనను కోరిక.

రెండవ అపోహ, ఇదంతయు బొమ్మలకు మ్రొక్కుట అనునది. మేడారమునకు పోయి చూచినవారు ఈ మాట అనలేరు. రెండేండ్లకొకసారి మాఘ పౌర్ణమి నాళ్ళలో లక్షలాది జనులు చేరు ఆ జాతరలో సమ్మక్క సారలమ్మలకు విగ్రహములు లేవు. కోయ పూజారులు అడవి నుండి కుంకుమభరిణె రూపమున అమ్మను తెచ్చి గద్దెపై నిలుపుదురు. భక్తులు బంగారమని పిలుచుచు బెల్లమును సమర్పింతురు. సమ్మక్క కథకు జగిత్యాల ప్రాంతముతో చుట్టరికము కూడ కలదు. జగిత్యాల చెంతనున్న పొలాసనేలిన మేడరాజు ఆమెను పెంచిన తండ్రి యని ఒక ఐతిహ్యము చెప్పును. బతుకమ్మ సంగతియు ఇట్టిదే. తంగేడు, గునుగు పూలను పేర్చి, ఆడి పాడి, ఆ పూలనే చెరువులో విడుతురు. మంత్రము లేదు, పురోహితుడు లేడు, మరునాటికి విగ్రహము మిగులదు. ఎల్లమ్మ కథకు జమిడిక మీటు బైండ్లవారు, మల్లన్న కథ చెప్పు ఒగ్గువారు ఈ ఆరాధనకు పండితులు. వారి గ్రంథము వారి గొంతులోనే ఉన్నది. వ్రాసిన గ్రంథము లేనిది మతము కాదనుటకు న్యాయమేమి?

మూడవ అపోహ మొదటి రెంటికిని విరుద్ధమైనది. అది మనవారికి ప్రియమైనది. పెక్కు దేవతలను కొలుచువారు స్వభావము చేతనే సహనవంతులనియు, ఒకే దేవుని నమ్మువారు మాత్రమే అసహనము చూపుదురనియు కొందరందురు. చరిత్ర దీనిని సమర్థింపదు. 303లో క్రైస్తవుల గ్రంథములను కాల్పించి, ప్రార్థనాలయములను కూలద్రోయించిన డయోక్లెటియను చక్రవర్తి పెక్కు దేవతలను కొలిచినవాడే. నూరేండ్లు నిండకముందే చక్రము తిరిగినది. 384లో రోము నగరాధికారి సిమ్మాకసు, సభాభవనము నుండి తొలగించిన విజయదేవత పీఠమును తిరిగి నిలుపుమని చక్రవర్తిని వేడుకొనెను. సత్యమును చేరు బాటలు అనేకములని ఆయన వాదించెను. ఆ విన్నపమును క్రైస్తవ ప్రభువులు త్రోసిపుచ్చిరి. 391, 392 సంవత్సరములలో థియోడోసియసు శాసనములు పాత దేవతల పూజను నిషేధించినవి. నిన్న బాధలు పడినవాడే నేడు బాధించెను. అధికారము చేతికి వచ్చినప్పుడు మనిషి ఏమి చేయునను దానిలోనే సహనము తేలును.

మన నేల కూడ ఇందుకు మినహాయింపు కాదు. కరీంనగరు జిల్లా కురిక్యాల సమీపమున బొమ్మలమ్మ గుట్ట కలదు. పదవ శతాబ్దిలో, పంపకవి తమ్ముడు జినవల్లభుడు అక్కడ తీర్థంకరుల శిల్పములను, చక్రేశ్వరీదేవిని చెక్కించి, సంస్కృతము, కన్నడము, తెలుగు భాషలలో శాసనము వేయించెను. తెలుగు కందపద్యములకు అది అతి ప్రాచీనమైన ఆధారములలో ఒకటి. ఆ కాలమున వేములవాడనేలిన చాళుక్యులు శివాలయములను ఆదరించుచునే జైనకవి పంపని పోషించిరి. జైనాచార్యుడు సోమదేవసూరి కొరకు జినాలయమునకు గ్రామమును దానము చేసిరి. అది ఈ ప్రాంతపు గౌరవము. కాని తరువాతి శతాబ్దులలో శైవ జైన వైరము పెరిగినది. పాల్కురికి సోమనాథుని కావ్యములలో జైనులపై పరుషములైన మాటలు, వారి బసదులపై దాడులను మెచ్చుకొను కథలు కలవు. ఆ కవి తెలుగు నుడికి చేసిన సేవకు నమస్కరించుచునే ఈ సంగతిని కూడ విద్యార్థి తెలిసికొనవలెను. తన ఇంటి తప్పును దాచి పొరుగింటి తప్పును లెక్కించుట చరిత్ర కాదు.

అయినను పల్లెజనులు, పండితులకు తెలియని ఉపాయములెన్నో కనిపెట్టిరి. వేములవాడ రాజన్న ఆలయ ప్రాంగణములో ఒక ముస్లిం మహనీయుని దర్గా ఎన్నో తరములుగా ఉన్నది. రాజన్నకు కోడెమ్రొక్కు చెల్లించిన భక్తులు అక్కడను మ్రొక్కుట అలవాటు. మొహరము వచ్చినచో తెలంగాణపు పల్లెలలో పీర్ల పండుగ జరుగును. 680లో కర్బలా రణభూమిలో ప్రాణములర్పించిన ఇమాము హుసేనును, ఆయన అన్న హసనును పల్లెజనులు “ఆశన్న ఊశన్న” అని అన్నదమ్ములుగా చేసికొనిరి. ముస్లిములు లేని ఊళ్ళలో కూడ పీర్లు లేచిన సందర్భములు కలవు. మలీద ముద్దలు పంచి, నిప్పుల గుండము చుట్టు ఆడి, బిడ్డ పుట్టినచో పీరయ్యయని, సైదులని పేరు పెట్టిన హిందూ కుటుంబములు ఎన్నియో ఉన్నవి.

దీనిని చూచి మురిసిపోవుట సులభము. కాని నిజమైన పరీక్ష ఇక్కడనే మొదలగుచున్నది. పీర్లకు మ్రొక్కుట తన మతమునకు సమ్మతము కాదని ఒక ముస్లిము యువకుడు ప్రక్కకు తొలగవచ్చును. బోనముల చందా ఇచ్చుటకు, నైవేద్యము తినుటకు తన విశ్వాసము ఒప్పదని ఒక క్రైస్తవ కుటుంబము చెప్పవచ్చును. దేవతలెవరును లేరని ఒక హేతువాది అనవచ్చును. కలిసి పండుగ చేసికొన్నంత కాలము సహనము కష్టము కాదు. కలియనని చెప్పినవానిని కూడ ఊరి బావి వద్ద, బడిలో, పొలము పనిలో మునుపటివలెనే చూచుట కష్టము. వానిని వెలివేసిన ఊరు ఎన్ని పీర్లు లేపినను సహనముగల ఊరు కానేరదు. అట్లే, క్రొత్త విశ్వాసము పొందినవాడు తన తల్లి మ్రొక్కిన రాతిని దయ్యమని దూషించినచో అతడును సహనవంతుడు కాడు. తొలగుటకు హక్కున్నది, అవమానించుటకు లేదు.

సహనమనగా అన్నిటికిని తలయూపుట కూడ కాదు. ఎల్లమ్మ పేరు చెప్పి దళిత బాలికలను జోగినులుగా మార్చిన దురాచారము ఈ ప్రాంతములను ఏండ్ల తరబడి పీడించినది. 1988లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ దానిని చట్టముచే నిషేధించెను. ఆ చట్టము ఎల్లమ్మకు విరోధి కాదు. ఆమె పేరును అడ్డము పెట్టుకొన్నవారికి విరోధి. మన రాజ్యాంగము ఇరువది అయిదవ అధికరణములో ప్రతివానికిని అంతరాత్మ స్వేచ్ఛను ఇచ్చుచునే, అది ప్రజాశాంతికి, నీతికి, ఆరోగ్యమునకు లోబడి ఉండవలెనని గీత గీసినది. దేవతను గౌరవించుట వేరు, దేవత పేర జరుగు అన్యాయమును సహించుట వేరు. ఈ భేదము తెలియనివాడు ఒకప్పుడు మూఢుడగును, మరియొకప్పుడు క్రూరుడగును.

పాశ్చాత్య దేశములలో కూడ నేడు ఆ పాత మాట అర్థము మారుచున్నది. వేయి సంవత్సరముల క్రిందట క్రైస్తవమును స్వీకరించిన ఐస్‌లాండు దేశములో, పూర్వపు దేవతలను కొలుచువారు 1972లో ఒక సంఘము స్థాపించుకొనగా, మరుసటి సంవత్సరమే ప్రభుత్వము దానిని గుర్తించినది. పలుదేశములలో కొందరు తమను పేగనులమని తామే చెప్పుకొనుచున్నారు. తిట్టు బిరుదైనది. మన భాషలో దీనికి తలక్రిందులైన ఉదాహరణము కలదు. అశోకుని శాసనములలో “పాషండ” మనగా ఏదేని ఒక మతశాఖ అని మాత్రమే అర్థము, నిందయేమియు లేదు. కాలక్రమమున అది దూషణమై, పాషండుడనగా వేదబాహ్యుడు, దుష్టుడు అయ్యెను. అచ్చట తిట్టు బిరుదైనది, ఇచ్చట గౌరవవాచకము తిట్టైనది. మాటలలో దోషము లేదు. పలుకు నోటిలో ఉన్నది.

కర్నూలు జిల్లా ఎర్రగుడి బండలపై అశోకుని పదునాలుగు శాసనములు నేటికిని కలవు. వానిలో పండ్రెండవది ఈ విషయమునకే సంబంధించినది. అన్ని మతశాఖలలోను సారము వృద్ధి పొందవలెననియు, దానికి మూలము వాక్సంయమమనియు, తన మతమును పొగడుకొని పరమతమును కించపరచువాడు చివరకు తన మతమునకే హాని చేయుననియు ఆ శాసనము బోధించుచున్నది. ఒకరి ధర్మమును ఒకరు వినవలెనని కూడ అందు ఉన్నది. రెండువేల రెండువందల ఏండ్లకు పైగా తెలుగునేలపై నిలిచిన పాఠమది.

ఆ పాఠమును చెప్పవలసిన చోటు బడి. బోనముల మరునాడు నుదుట పసుపుతో వచ్చిన పిల్లయు, రంజాను నెలలో ఉపవాసమున్న పిల్లవాడును, ఆదివారము ప్రార్థనకు పోవు పిల్లయు ఒకే బల్లపై కూర్చుందురు. “ఇది అనాగరికము” అని ఉపాధ్యాయుడు ఒక్క మాట తూలనాడినచో, ఆ బిడ్డ తన తల్లిని చూచి సిగ్గుపడుట నేర్చుకొనును. ఆ సిగ్గు పెరిగి కొన్నాళ్ళకు కోపమగును. దానికి బదులు, “మీ ఇంట ఏమి చేసినారో చెప్పుము, మేము విందుము” అని అడిగినచో మిగిలిన పిల్లలు చెవి యొగ్గుదురు. జీగెన్‌బాల్గు తమిళులనడిగి వ్రాసికొన్నది అట్లే. ఆ అడుగుట తప్పని తలచినవారి పేర్లు నేడు కొద్దిమందికే తెలియును. ఆయన అడిగి వ్రాసినది మాత్రము గ్రంథాలయములలో నిలిచి ఉన్నది.