అమ్మిందీ కొన్నదీ ఒక్కరే అయితే

సూరత్ అనగానే తెలంగాణ నేత కుటుంబాలకు లింబాయత్, అక్కడి పవర్‌లూమ్‌లు గుర్తొస్తాయి. అదే ఊళ్లో రైల్వే స్టేషన్ దాటి తూర్పుకు వెళితే వరాఛా. అది వజ్రాల పేట. సౌరాష్ట్ర పల్లెల నుంచి వలస వచ్చిన పటేళ్లు కట్టుకున్న ప్రపంచం. అక్కడి మినీ బజార్‌లో వ్యాపారం చాలావరకు రోడ్డు మీదే నడుస్తుంది. దలాలు జేబులోంచి మడత పెట్టిన కాగితం పొట్లం తీసి విప్పుతాడు. కొనేవాడు చిమటాతో ఒక రాయిని పట్టి, కంటికి భూతద్దం ఆనించి చూస్తాడు. ధర చెబుతాడు. దలాలు తల అడ్డంగా ఊపి పొట్లం మడిచేస్తాడు. పది అడుగుల అవతల అదే పొట్లానికి ఇంకొకరు ఇంకో ధర చెబుతారు. ఇందులో మోసమేమీ లేదు.

బంగారం ధర రోజూ పేపర్లో వస్తుంది. వజ్రానికి అలాంటి ఒక్క ధర ఉండదు. బరువు, రంగు, స్వచ్ఛత, కోత, ఈ నాలుగూ కలిపి ఎవరి కన్ను వారు లెక్క కడతారు. ముడి వజ్రమైతే కోసేదాకా లోపల ఏముందో పూర్తిగా తెలియదు. కాబట్టి ఒక పెట్టె సరుకు 80 లక్షల డాలర్లదంటే నమ్మాలి, కోటి డాలర్లదన్నా నమ్మాలి. కస్టమ్స్ దగ్గర విలువ కట్టే నిపుణులు ఉంటారు. వాళ్లకీ ఆ తేడాను తప్పని తేల్చడం కష్టం.

పనామా పత్రాలు, పండోరా పత్రాలు అంటూ ఏళ్ల తరబడి మనం వింటున్న వార్తల వెనక ఉన్న యంత్రం అర్థం కావాలంటే వరాఛా నుంచి మొదలుపెట్టడం తేలిక.

ఊహకు ఒక సూరత్ వ్యాపారిని తీసుకుందాం. ఆయనకు బెల్జియంలోని యాంట్వెర్ప్ నుంచి ముడి వజ్రాలు కావాలి. అసలు ధర 80 లక్షల డాలర్లు. వాటిని ఆయన నేరుగా కొనడు. దుబాయ్‌లోని ఒక కంపెనీ కొంటుంది. ఆ కంపెనీ అదే సరుకును సూరత్ కంపెనీకి కోటి డాలర్లకు అమ్ముతుంది. సరుకు దుబాయ్‌లో దిగనక్కర్లేదు, ఇన్‌వాయిస్ వెళ్లి వస్తే చాలు. సూరత్ బ్యాంకు దిగుమతి పత్రాలు చూసి కోటి డాలర్లు పంపుతుంది. 20 లక్షల డాలర్లు దుబాయ్‌లో మిగులుతాయి. సూరత్ కంపెనీ లెక్కల్లో ముడి సరుకు ఖర్చు పెరుగుతుంది, లాభం తగ్గుతుంది, దాంతో పాటే పన్ను కూడా. ఏ కాగితంలోనూ అబద్ధం కనపడదు. కొన్నారు, డబ్బు కట్టారు, సరుకు వచ్చింది.

అబద్ధమల్లా ఒక్కచోటే ఉంది. దుబాయ్ కంపెనీ కూడా ఆయనదే.

దీన్ని పట్టుకోవడానికి మన ఆదాయపు పన్ను చట్టంలో ఒక పద్ధతి ఉంది. ట్రాన్స్‌ఫర్ ప్రైసింగ్ (సొంత సంస్థల మధ్య జరిగే లావాదేవీకి బయటివాళ్ల మధ్య పలికే ధరనే లెక్కలోకి తీసుకోవాలన్న నియమం) అంటారు. రెండు కంపెనీలూ ఒకరివేనని తెలిస్తే అధికారి ధరను సవరించి పన్ను వేయగలడు. ఆ సంగతి తెలియకపోతే ఈ నియమం మేల్కొననే మేల్కొనదు. అందుకే దుబాయ్ కంపెనీ వాటాలు బ్రిటిష్ వర్జిన్ దీవుల్లోని మరో కంపెనీ పేర ఉంటాయి. ఆ కంపెనీకి జీతం తీసుకుని సంతకం పెట్టే డైరెక్టర్లు ఉంటారు. దాని పైన ఒక ట్రస్టు ఉండొచ్చు. ఇలాంటి వాటినే మనం డొల్ల కంపెనీలు (వ్యాపారం లేకుండా పేరుకు మాత్రమే ఉన్నవి) అంటున్నాం. సూరత్ ఆయకర్ భవన్‌లో (ఆదాయపు పన్ను కార్యాలయం) కూర్చున్న అధికారికి ఆ దీవుల రిజిస్టర్‌లో అసలు యజమాని పేరు నేరుగా చూసే దారి ఉండదు.

పన్ను స్వర్గాలు డబ్బును దాచే చోట్లని అందరూ అనుకుంటారు. నా దృష్టిలో అవి డబ్బు కన్నా ముందు సంబంధాన్ని దాస్తాయి. డబ్బు బ్యాంకులోనే ఉంటుంది, లెక్కతో సహా. అది ఎవరిదన్నది మాత్రమే చీకట్లో ఉంటుంది.

సరుకే లేకుండా కాగితాలతో పని కానిచ్చిన ఆరోపణలూ సూరత్‌లో ఉన్నాయి. 2014 ఏప్రిల్‌లో ఒక ప్రైవేటు బ్యాంకు పోలీసులకు ఫిర్యాదు చేసింది. తనకు ఇచ్చిన బిల్ ఆఫ్ ఎంట్రీలు (సరుకు దేశంలోకి దిగిందని చూపే కస్టమ్స్ పత్రాలు) నకిలీవని దాని సారాంశం. వాటి ఆధారంగా హాంకాంగ్, దుబాయ్ కంపెనీలకు డబ్బు వెళ్లింది. మొత్తం 5,000 కోట్ల రూపాయలకు పైనే దాటిందని దర్యాప్తు సంస్థల ఆరోపణ. అందులో ఒక నిందితుడికి సమన్ల వ్యవహారం 2019లో సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. అయితే ఇది మొరటు పద్ధతి. నకిలీ కాగితం ఎప్పటికైనా దొరుకుతుంది. దొరకనిది పైన చెప్పినదే, అందులో ప్రతి కాగితమూ నిజమైనదే కాబట్టి.

ఆ చీకటిని చీల్చినవే లీకులు. లీక్‌టెన్‌స్టైన్‌లోని ఎల్‌జీటీ బ్యాంకు వివరాలు ఒక మాజీ ఉద్యోగి ద్వారా జర్మనీకి చేరిన సంగతి 2008లో బయటపడింది. అందులోని భారతీయుల పేర్లను జర్మనీ 2009లో మనకు ఇచ్చింది. తర్వాత జెనీవాలోని హెచ్‌ఎస్‌బీసీ బ్యాంకు జాబితా. దాన్ని బయటికి తెచ్చింది అక్కడ కంప్యూటర్ విభాగంలో పనిచేసిన ఎర్వే ఫాల్చానీ. ఫ్రాన్స్ చేతికి వచ్చిన ఆ వివరాల్లోంచి 628 పేర్లు 2011లో భారత ప్రభుత్వానికి అందాయి. 2015లో అంతర్జాతీయ పరిశోధక పాత్రికేయుల కూటమి ఐసీఐజే అదే సమాచారాన్ని ప్రచురించినప్పుడు ఒక విషయం కొట్టొచ్చినట్టు కనపడింది. ఖాతాదారుల్లో ప్రపంచవ్యాప్తంగా దాదాపు 2,000 మంది వజ్రాల వ్యాపారంతో సంబంధం ఉన్నవాళ్లు. యాంట్వెర్ప్ వజ్రాల వ్యాపారులు ప్రధానంగా ఉన్న కేసును ముగించుకోవడానికి హెచ్‌ఎస్‌బీసీ స్విస్ శాఖ 2019లో బెల్జియంకు 29 కోట్ల యూరోలకు పైగా కట్టింది.

2016 ఏప్రిల్‌లో పనామా పత్రాలు వచ్చాయి. మొసాక్ ఫోన్సెకా అనే న్యాయసేవల సంస్థ నుంచి 1.15 కోట్ల పత్రాలు, 2,14,000 కంపెనీలు, ట్రస్టుల వివరాలు. ఐస్‌లాండ్ ప్రధాని రోజుల్లోనే దిగిపోయాడు. 2017లో పారడైజ్, 2021లో పండోరా. వీటిలో నిల్వల అంకెల కన్నా విలువైనవి పాస్‌పోర్టు నకళ్లు, ఈమెయిళ్లు, వాటాల రిజిస్టర్లు, పవర్ ఆఫ్ అటార్నీలు. ఫలానా దీవి కంపెనీ తరఫున ఉత్తరాలు రాస్తున్నది ఫలానా ఊరి ఫలానా మనిషి అని చెప్పేవి అవే.

జాబితాలో పేరుంటే నేరమా? కాదు. భారత నివాసి రిజర్వ్ బ్యాంకు పథకం కింద ఏడాదికి 2,50,000 డాలర్ల దాకా విదేశాలకు పంపవచ్చు. ఎగుమతిదారు నిబంధనల ప్రకారం దుబాయ్‌లో కంపెనీ పెట్టుకోవచ్చు. రిటర్నులో చూపించాలి, అంతే. చూపకపోతే 2015 జులై నుంచి అమల్లోకి వచ్చిన నల్లధనం చట్టం కింద 30 శాతం పన్ను, దానికి మూడు రెట్లు జరిమానా. కావాలని ఎగ్గొట్టినట్టు రుజువైతే 3 నుంచి 10 ఏళ్ల జైలు.

మరి దొరికిందెంత? పనామా, పారడైజ్ లీకుల్లో భారత్‌తో సంబంధమున్న 930 కేసుల్లో 20,353 కోట్ల రూపాయల లెక్కలేని జమలు 2021 అక్టోబరు నాటికి గుర్తించామని ప్రభుత్వం పార్లమెంటుకు చెప్పింది. అప్పటికి వసూలైన పన్ను 153.88 కోట్లు. ఈ రెండు అంకెలను పక్కపక్కన చూసి అంతా నాటకమే అనుకోవడం తేలిక. కానీ మధ్యలో జరిగే పని చూడాలి. లీకైన పత్రం అధికారికి దారి చూపిస్తుంది, రుజువుగా నిలవడం వేరే సంగతి. అక్రమంగా చేజిక్కిన కాగితమైనా విషయానికి సంబంధించినదైతే సాక్ష్యంగా తీసుకోవచ్చని మన సుప్రీంకోర్టు 1973లోనే, సోదాల్లో దొరికిన పత్రాల కేసులో, చెప్పింది. అయినా ఆ సంతకం ఈయనదేనని, ఆ ఏడాది ఆ డబ్బు ఈయనదేనని చూపించాలంటే విదేశీ బ్యాంకు నుంచి ధ్రువీకరించిన పత్రం రావాలి. ఒప్పందం ప్రకారం అడగాలి, వాళ్లు ఇవ్వాలి. దొంగిలించిన సమాచారం ఆధారంగా అడిగితే ఇవ్వబోమని స్విట్జర్లాండ్ చాలాకాలం భీష్మించింది. ఫాల్చానీకి అక్కడి కోర్టు ఆయన హాజరు కాకుండానే 2015లో 5 ఏళ్ల శిక్ష వేసింది. ఈలోగా ఇక్కడ అప్పీళ్లు నడుస్తుంటాయి.

ఇక అవతలి వాదన. నా ఖాతా వివరాలు ఊరందరికీ ఎందుకు తెలియాలి? వరాఛాలో ఇది గాలి మాట కాదు. లక్షల రూపాయల సరుకు జేబులో పెట్టుకుని నడిచేవాళ్ల ఊరది. సూరత్, ముంబయి మధ్య వజ్రాలనూ నగదునూ మోసుకెళ్లే అంగడియాలు (నమ్మకం మీద నడిచే పాతకాలపు కొరియర్లు) దారిదోపిడీలకు గురైన సందర్భాలున్నాయి. ఎవరి దగ్గర ఎంత ఉందో బయటికి పొక్కితే ఏమవుతుందో వాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

మన దేశంలో ఆర్థిక గోప్యత గురించి చెప్పుకోదగ్గ తీర్పుల్లో ఒకటి హైదరాబాద్ నుంచి వచ్చింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం స్టాంపుల చట్టంలో 73వ సెక్షన్‌ను సవరించింది. స్టాంపు సుంకం సరిగా కట్టారో లేదో చూడటానికి కలెక్టర్ అధికారమిచ్చిన ఏ మనిషైనా బ్యాంకులోకి వెళ్లి ఖాతాదారుల పత్రాలు తిరగేయవచ్చు, పట్టుకెళ్లవచ్చు అన్నది దాని సారం. కెనరా బ్యాంకు కోర్టుకెక్కింది. హైకోర్టు ఆ సవరణను కొట్టేసింది. 2004 నవంబరులో సుప్రీంకోర్టు ఆ తీర్పును నిలబెట్టింది. గోప్యత మనిషికి చెందినది, చోటుకు కాదు, కాబట్టి పత్రం ఇంటి నుంచి బ్యాంకుకు చేరినంత మాత్రాన దాని మీది హక్కు పోదని చెప్పింది. అనుమానానికి తగిన కారణం చూపకుండా ప్రభుత్వం అందులో చేయి పెట్టకూడదని దీని అర్థం.

న్యాయవాది రామ్ జెఠ్మలానీ వేసిన కేసులో 2011 జులై 4న తీర్పిచ్చిన సుప్రీంకోర్టు ధర్మాసనంలో జస్టిస్ బి. సుదర్శన్ రెడ్డి, జస్టిస్ ఎస్.ఎస్. నిజ్జర్ ఉన్నారు. నల్లధనంపై ప్రత్యేక దర్యాప్తు బృందం వేసి, జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డిని అధ్యక్షుడిగా పెట్టిన తీర్పు అది. ప్రభుత్వాన్ని గట్టిగా మందలించిన ఆ తీర్పే గోప్యతకూ గట్టిగా నిలబడింది. లీక్‌టెన్‌స్టైన్ జాబితాలో దర్యాప్తు జరిగి షోకాజ్ నోటీసులు వెళ్లినవారి పేర్లు చెప్పాలంది. తప్పు చేసినట్టు ప్రాథమికంగా కూడా తేలనివారి ఖాతాలను బయటపెట్టడం గోప్యత హక్కుకు భంగమంది. పత్రికలు మొదటి సగాన్ని ఎక్కువగా చెప్పుకున్నాయి. రెండో సగం ఎక్కువ కాలం పనికొచ్చేది.

ఐరోపాలోనూ ఇదే తర్జనభర్జన. కంపెనీల అసలు యజమానుల రిజిస్టర్‌ను ఎవరైనా చూడొచ్చన్న నిబంధనను 2022 నవంబరులో ఐరోపా న్యాయస్థానం కొట్టేసింది.

నాకు తోచేది ఇది. ఒకరి దగ్గర ఎంత ఉందన్నది, ఒక బేరంలో అవతలి పక్షం ఎవరన్నది వేర్వేరు ప్రశ్నలు. మొదటిది పక్కింటివాడికి తెలియనక్కర్లేదు. రెండోది కనీసం పన్ను అధికారికి, బ్యాంకుకు తెలియాలి, ఎందుకంటే ఆ ధరను నమ్మేది వాళ్లే, నష్టపోయేది ఖజానా. గోప్యత పేరుతో చేసే వాదనల్లో చాలావరకు మొదటిదాని బలంతో రెండోదాన్ని దాటించేస్తాయి. లీకు ఈ రెంటినీ విడదీయలేదు, అంతా కలిపి వీధిలో పోస్తుంది. ఐసీఐజే తన బహిరంగ డేటాబేస్‌లో 8 లక్షలకు పైగా కంపెనీల, ట్రస్టుల పేర్లు, వాటి వెనకున్న మనుషుల సంబంధాలు పెట్టింది కానీ ఖాతా నిల్వలు, ఈమెయిళ్లు పెట్టలేదు. ఆ విచక్షణ మెచ్చుకోదగ్గదే. కానీ అది ప్రచురించేవారి మంచితనం, చట్టం కల్పించిన రక్షణ కాదు.

లీకుల అవసరమే లేకుండా చేయడానికి దేశాలు ఒక ఏర్పాటు చేసుకున్నాయి. ఒక దేశపు బ్యాంకులు విదేశీ ఖాతాదారుల వివరాలను ఏటా వారి సొంత దేశానికి పంపుతాయి. భారత్ 2017 నుంచి ఇందులో ఉంది. స్విట్జర్లాండ్ నుంచి మొదటి విడత 2019 సెప్టెంబరులో అందింది. ఇలాంటి ఏర్పాట్ల వేడి ఇప్పుడు తగులుతున్నది హైదరాబాద్ సాఫ్ట్‌వేర్ ఉద్యోగులకు. అమెరికా మాతృసంస్థ జీతంలో భాగంగా ఇచ్చిన షేర్లను రిటర్నులో విదేశీ ఆస్తుల పట్టికలో చూపలేదంటూ ఫోన్లకు సందేశాలు వస్తున్నాయి. 2024లో ఇలా గుర్తుచేశాక 24,678 మంది రిటర్నులు సరిచూసుకున్నారు, 29,208 కోట్ల రూపాయల విదేశీ ఆస్తులు లెక్కల్లోకి వచ్చాయి. చూపకపోతే జరిమానా 10 లక్షలు. స్థిరాస్తి కాకుండా మిగతావి మొత్తం 20 లక్షలు దాటనివాళ్లకు 2024 అక్టోబరు నుంచి మినహాయింపు ఉంది.

సొంత పేర ఖాతా ఉన్నవాడు ఈ వలలో వెంటనే పడతాడు. కంపెనీ పేర ఉంటే సంగతి వేరు. ఆ కంపెనీ ఆదాయం వడ్డీలు, డివిడెండ్ల వంటిదైతే బ్యాంకు దాని వెనకున్న మనిషి ఎవరో కనుక్కుని పంపాలి. ఆదాయంలోనూ ఆస్తుల్లోనూ సగానికి పైగా వ్యాపారానివైతే అది క్రియాశీల సంస్థ కింద లెక్క, యజమాని పేరు పంపనక్కర్లేదు. దుబాయ్‌లో కొన్న ఫ్లాటు, లాకర్‌లోని వజ్రాలు అసలు ఈ లెక్కలోకే రావు. ఇందాకటి ఉదాహరణలోని దుబాయ్ కంపెనీ ముడి వజ్రాలు కొని అమ్ముతుంది. దాని 20 లక్షల డాలర్లు వ్యాపార లాభమే. దాని యజమాని పేరు ఈ దారిలో ఢిల్లీకి చేరదు.