రొమ్ము క్యాన్సర్‌లో రేడియేషన్ జాడలు: జన్యు పరీక్షతో తేలేదెంత?

1986 ఏప్రిల్ 26న నాటి సోవియట్ యూనియన్‌లోని చెర్నోబిల్ అణువిద్యుత్ కేంద్రంలో ప్రమాదం సంభవించిన అనంతరం ఆ ప్రాంతాన్ని శుద్ధి చేసే పనులలో లక్షలాది మంది పాల్గొన్నారు. వారిలో మహిళలు కూడా ఉన్నారు. అటువంటి మహిళకు కొన్ని సంవత్సరాల తరువాత రొమ్ము క్యాన్సర్ సోకితే, దానికి కారణం రేడియేషనా, లేక అది ఏ స్త్రీకైనా రాగల వ్యాధేనా? వైద్య సహాయం, నష్టపరిహారం వంటి నిర్ణయాలు ఈ ప్రశ్నతో ముడిపడి ఉన్నాయి.

రేడియేషన్‌కు, రొమ్ము క్యాన్సర్‌కు గల సంబంధం నిర్వివాదాంశం. హిరోషిమా, నాగసాకి బాధితులపై 1950 నుంచి సాగుతున్న దీర్ఘకాలిక అధ్యయనం దీనిని ధ్రువీకరించింది. పిన్న వయసులో రేడియేషన్‌కు గురైన వారికి ముప్పు అధికం. హాడ్జ్‌కిన్ వ్యాధి చికిత్సలో భాగంగా యుక్తవయసులో ఛాతీకి రేడియేషన్ పొందిన మహిళలలోనూ ఇదే స్థితి కనిపించింది. అయితే ఇవన్నీ సమూహాలకు సంబంధించిన నిర్ధారణలు. ఒక వ్యక్తి కణితిని సూక్ష్మదర్శినిలో పరిశీలించి దాని కారణాన్ని చెప్పడం సాధ్యం కాదు.

ఈ లోటును పూరించే ప్రయత్నమే జన్యు సూచికల అన్వేషణ. రేడియేషన్ డీఎన్ఏలోని రెండు పోగులనూ ఒకేచోట తెంచగలదు. కణం వాటిని తిరిగి అతికించే క్రమంలో చిన్న చిన్న భాగాలు లోపించవచ్చు, కొన్ని తలకిందులుగా అమరవచ్చు. రేడియేషన్ చికిత్స అనంతరం ఏర్పడిన 12 కణితులలో ఇటువంటి మార్పులు అధికంగా ఉన్నట్లు 2016లో ఒక పరిశోధక బృందం ప్రకటించింది.

రొమ్ము క్యాన్సర్‌కు నేరుగా సంబంధించిన ముఖ్య పరిశోధన 2018లో వెలువడింది. చెర్నోబిల్ శుద్ధి పనులలో పాల్గొన్న మహిళల కణితులను, రేడియేషన్‌కు గురికాని వారి కణితులతో శాస్త్రజ్ఞులు పోల్చిచూశారు. తొలుత 38, తదుపరి నిర్ధారణ కోసం మరో 39 నమూనాలను పరీక్షించారు. రేడియేషన్‌కు గురైన వారి కణితులలో మైఆర్-26బి అనే సూక్ష్మ ఆర్ఎన్ఏ అధికంగాను, దాని అదుపులో ఉండే టీఆర్‌పీఎస్1 ప్రోటీను తక్కువగాను ఉన్నట్లు రెండు సమూహాలలోనూ తేలింది. సాధారణ రొమ్ము క్యాన్సర్‌లో ఈ ప్రోటీను తరచు అధికంగా ఉంటుంది. కనుక ఈ ఫలితం ఆసక్తికరమైనదే. కాని మొత్తం నమూనాలు 77 మాత్రమే. ఇంత స్వల్ప సంఖ్యపై ఆధారపడి ఏ ఒక్కరి విషయంలోనూ తీర్పు చెప్పడం తగదు.

మరో ఉదాహరణ ఈ జాగ్రత్త అవసరాన్ని బలపరుస్తుంది. చెర్నోబిల్ అనంతర థైరాయిడ్ క్యాన్సర్లపై 2021లో వెలువడిన విస్తృత జన్యు అధ్యయనంలో, మోతాదు పెరిగిన కొద్దీ డీఎన్ఏ తెగిన గుర్తులు పెరిగినట్లు తేలింది. అయినప్పటికీ రేడియేషన్‌కు మాత్రమే పరిమితమైన సూచిక ఏదీ లభించలేదు.

బీఆర్‌సీఏ1, బీఆర్‌సీఏ2 జన్యువుల పరీక్షను దీనితో కలగాపులగం చేయడం తరచు కనిపించే పొరపాటు. అవి వంశపారంపర్య ముప్పును తెలిపేవే తప్ప రేడియేషన్‌కు గురైనట్లు తెలిపేవి కావు. రక్తకణాలలో రెండు సెంట్రోమియర్లు గల క్రోమోజోములను లెక్కించే పరీక్ష మోతాదును అంచనా వేయగలదు. అయితే అటువంటి కణాలు కాలక్రమేణా నశిస్తాయి కాబట్టి, ప్రమాదం జరిగిన కొద్ది కాలంలోనే దాని ప్రయోజనం ఎక్కువ. పైగా అది మోతాదును చెబుతుందే గాని క్యాన్సర్ కారణాన్ని కాదు.

అందువల్లనే పరిహార విధానాలు సంభావ్యతపై ఆధారపడుతున్నాయి. అణ్వాయుధ కర్మాగారాల ఉద్యోగుల కోసం అమెరికా 2000లో చేసిన చట్టం కింద మోతాదు, ఆనాటి వయసు, గడిచిన కాలం ప్రాతిపదికగా సంభావ్యతను లెక్కిస్తారు. లెక్కలోని అనిశ్చితిని ఉద్యోగికి అనుకూలంగా పరిగణించి, అది 50 శాతం లేదా అంతకు మించితే పరిహారం మంజూరు చేస్తారు. మోతాదును అంచనా వేయడం సాధ్యంకాని కొన్ని ఉద్యోగి వర్గాలకు ఈ లెక్కతో నిమిత్తం లేకుండా ప్రత్యేక ఏర్పాటు కూడా ఉంది.

మన దేశంలో రేడియేషన్ పనులలో ఉన్నవారికి అణుశక్తి నియంత్రణ మండలి విధించిన పరిమితి అయిదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్టులు. ఏ ఒక్క ఏడాదిలోనూ 30 మించరాదు. రేడియేషన్ చికిత్సా విభాగాలలో, క్యాథ్ ల్యాబ్‌లలో పనిచేసే సిబ్బంది ధరించే టీఎల్‌డీ బ్యాడ్జి ఈ మోతాదును నమోదు చేస్తుంది. ఇరవై ఏళ్ల తరువాత ఒక నర్సు దరఖాస్తు అధికారి బల్లపైకి వచ్చినప్పుడు, ఆమె కణితిపై జరిపే ఏ పరీక్ష కన్నా ఆ పాత బ్యాడ్జి రికార్డే ఎక్కువ చెబుతుంది. బ్యాడ్జిని ధరించకుండా సొరుగులో ఉంచితే ఆ రికార్డు చూపేది సొరుగుకు సోకిన మోతాదునే.