ఫీడరును కత్తిరించిన ఏరియల్ బాగుపడునా?

2009 అక్టోబరు మొదటి వారములో కృష్ణా, తుంగభద్రలు పొంగి, నాడు మహబూబ్‌నగర్ జిల్లాలో ఉండిన ఆలంపూరు ప్రాంతమును ముంచెత్తినవి. ఇట్టి విపత్తులలో స్తంభములు కూలి టెలిఫోనులు మూగవోయినప్పుడు, బ్యాటరీతో పనిచేయు అమెచ్యూర్ రేడియో అక్కరకు రాగలదు. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు, హైదరాబాదులోని జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థకు చెందిన భారతీప్రసాద్ బృందము పోర్ట్‌బ్లెయర్ నుండి క్షేమసమాచారములను అందించినది. అట్టి వేళ బ్యాటరీలోని ప్రతి వాటు విలువైనదే. ఆ శక్తి ఏరియల్‌ను చేరుచున్నదా, లేక దారిలోనే వేడిగా మారుచున్నదా అని చూచుకొనవలెను.

ఆ దారియే ఫీడరు. ప్రసారయంత్రమును ఏరియల్‌తో కలుపు కేబిల్‌కు ఆ పేరు. ప్రతి కేబిల్‌కును దాని నిర్మాణమును బట్టి ఒక స్వాభావిక అవరోధము, అనగా ఇంపెడెన్స్, ఉండును. రేడియోలలో సాధారణముగా వాడునది 50 ఓముల కేబిల్. ఏరియల్ అవరోధము కూడ 50 ఓములే అయినచో శక్తి అంతయు దానిలో ప్రవేశించును. కానిచో కొంత వెనుకకు మరలును.

దీనిని తరగతిలోనే చూపవచ్చును. సన్నని చేదతాడు కొనకు తాడి గీయువారి లావుపాటి మోకును ముడివేసి, నేలపై పరచి, చేదతాటిని ఒక్కసారి విదిలించవలెను. ముడిని చేరిన అల కొంత మోకులోనికి పోవును, కొంత తిరిగి వచ్చును. తాడు పొట్టిదైనను పొడుగుదైనను, ముడి వద్ద తిరిగివచ్చు భాగము మారదు.

నల్లగొండలో ఒక ఉన్నత పాఠశాలవారు తాడిచెట్ల నడుమ సుమారు 43 మీటర్ల చుట్టుకొలత గల వలయపు ఏరియల్ కట్టిరనుకొందము. 7.1 మెగాహెర్ట్జ్ వద్ద దాని అవరోధము సుమారు 100 ఓములు. దానికి 50 ఓముల కేబిల్ కలిపినచో, చేరిన శక్తిలో తొమ్మిదవ వంతు మరలును. పోవు తరంగము, వచ్చు తరంగము కలిసి స్థిరతరంగము ఏర్పడును. దాని నిష్పత్తి 2.

ఈ పౌనఃపున్యము వద్ద తరంగదైర్ఘ్యము గాలిలో 42.25 మీటర్లు. పాలిథీన్ నిండిన కేబిల్‌లో తరంగవేగము కాంతివేగములో 0.66 వంతు కనుక, అందులో అర్ధతరంగము 13.94 మీటర్లు, పావుతరంగము 6.97 మీటర్లు. కేబిల్ సరిగా 13.94 మీటర్లున్నచో ప్రసారయంత్రమునకు 100 ఓములే కనబడును. 6.97 మీటర్లున్నచో 25 ఓములు కనబడును. అందులో సగము, 3.49 మీటర్లు, ఉన్నచో 40 ఓముల నిరోధమునకు 30 ఓముల కెపాసిటివ్ రియాక్టెన్స్ తోడగును. అవరోధము ఇట్లు మారినను, కేబిల్‌లో నష్టము లేనంతవరకు మూడింటిలోను నిష్పత్తి 2 గానే ఉండును.

కేబిల్‌ను కత్తిరించిన కొందరికి పని కుదిరినట్లు తోచుటకు కారణము ఇదియే. యంత్రము ఇముడ్చుకొనగల అవరోధము ఆ పొడవు వద్ద దొరకినది. ఏరియల్ మాత్రము మారలేదు.

నష్టము గల కేబిల్ ఇంతకంటె మోసకారి. సన్నని కేబిల్ ఒకటి ఒక దిక్కు ప్రయాణములోనే సగము శక్తిని వేడిగా మార్చుననుకొందము. యంత్రము 20 వాట్లు పంపినచో ఏరియల్‌ను చేరునవి 10 వాట్లు. ఏరియల్ వద్ద నిష్పత్తి 3 అయినచో నాల్గవ వంతు, అనగా 2.5 వాట్లు, మరలును. తిరుగు దారిలో అందులోను సగము పోయి, యంత్రమును చేరునవి 1.25 వాట్లే. అచటి మీటరు నిష్పత్తిని 1.67గా చూపును! చూచినవాడు సంతోషించును, కాని ఏరియల్‌లో ప్రవేశించినవి 7.5 వాట్లు మాత్రమే. కావున నమ్మదగిన కొలత ఏరియల్ మొదట తీసికొన్నదే.

పొడవు మార్చినప్పుడు నిష్పత్తి కూడ బాగుగా మారినచో, మరియొక దోషమును అనుమానింపవలెను. విద్యుత్తు కేబిల్ పైపొర వెలుపలి ముఖముపై ప్రవహించి, కేబిల్‌నే ఏరియల్‌లో భాగము చేయుచుండవచ్చును. ఏరియల్ దగ్గర కేబిల్‌ను కొన్ని చుట్లుగా చుట్టి కట్టినచో ఆ ప్రవాహము తగ్గును.

అయినచో పొడవుతో ఉపయోగమే లేదా? ఉన్నది. పైన చెప్పిన 100 ఓముల ఏరియల్‌కు, ఫీడరుకు నడుమ పావుతరంగపు పొడవు గల 75 ఓముల టెలివిజన్ కేబిల్‌ను చేర్చవలెను. 75 వర్గమును 100 చేత భాగించినచో 56 ఓములు వచ్చును. ఇది 50కి చేరువ. నిష్పత్తి 2 నుండి 1.13కు దిగును. ఆ కేబిల్‌లో వేగము కాంతివేగములో 0.82 వంతైనచో కావలసిన ముక్క 8.66 మీటర్లు. ఇచట పొడవు దోషమును కప్పుటలేదు. వేరొక అవరోధము గల కేబిల్‌తో కూడి పొందికను కూర్చుచున్నది.

12 ఏండ్లు నిండిన విద్యార్థులు భారతప్రభుత్వ పరీక్షలో ఉత్తీర్ణులై లైసెన్సు పొందవచ్చును. లైసెన్సు లేనిదే ప్రసారము చేయరాదు. కాని పై లెక్కలను ఏ బడిలోనైనను నల్లబల్లపై చేయవచ్చును. తాటిని విదిలించుటకు లైసెన్సు అక్కరలేదు.